వేలిముద్రల అంచు

కొత్త రాష్ట్రం పుట్టిన రోజున రాయపూర్‌లో జిలేబీ దొరకలేదు. మా ఆయన చిన్నారావుగారు మూడు దుకాణాలు తిరిగి ఖాళీ చేతులతో వచ్చి, "రాష్ట్రం ఇచ్చారు, జిలేబీ ఇవ్వలేదు" అని పేపరు తీసుకుని కూర్చున్నారు. ఆయన వ్యాగన్ల రిపేరు షాపులో హెడ్ క్లర్కు. ఏ విషయాన్నైనా ఒక వాక్యంలో తేల్చి ఫైలు మూసేస్తారు. రెండువేల సంవత్సరం, నవంబరు ఒకటో తేదీ అది. కార్తీకమాసం.

పది రోజుల తర్వాత ఒక ఉదయం మా వెనకింటి దాలమ్మ పెరటి గుమ్మంలో వచ్చి నిలబడింది. రైల్వే గేటు దగ్గర ఇడ్లీబండి ఆమెది. ఆ వేళప్పుడు బండి దగ్గర ఉండాల్సిన మనిషి.

"అక్కా, ఒక కాయితం రాసి పెట్టాల" అంది.

మా కాలనీ తెలుగువాళ్లలో బీయే పాసైన ఆడదాన్ని నేనొక్కదాన్నే. కన్నవాళ్లు పెట్టిన అప్పలనరసమ్మ అన్న పేరు బీయే చదివినా తగ్గలేదు. రేషను కార్డు నుంచి పెళ్లి శుభలేఖ దాకా హిందీలో ఏ కాగితం కావాలన్నా నా దగ్గరికే వస్తారు.

"ఎవరికి రాయాలి?"

"ఎవులికి రాస్తే పనవుద్దో ఆలికి."

కూర్చోబెట్టి టీ ఇచ్చాను. అప్పుడు చెప్పింది. నెల తప్పి ఏడోవారం. లూప్ ఎప్పుడు జారిపోయిందో తెలీలేదు. ముగ్గురు పిల్లలు, చిన్నదానికి పదకొండు నెలలు. ఆ కాన్పులోనే రెండు సీసాల రక్తం ఎక్కించారు. సర్కారు ఆసుపత్రికి ఇప్పటికే రెండుసార్లు వెళ్లి వచ్చింది.

"మొదటిపాలి ఎల్తే మీ ఆయన దస్తకత్ తెమ్మన్నాడు. మల్లీ ఎల్తే డాక్టరమ్మే నేదు, బంద్ అన్నాడు."

"సూరిబాబు ఏమంటాడు?"

"నీ ఇష్టమే అన్నాడక్కా. దస్తకత్ మాత్రం ఆడి ఇష్టం కాదంట."

సూరిబాబు చెడ్డవాడు కాదు. లైను మీద గ్యాంగులో పని, ఆదివారాలు ఇంటికొస్తాడు. తాగడు, కొట్టడు. కాకపోతే రైల్వేలో ఏ ఆఫీసరుకీ భయపడని ఆ మనిషికి వాళ్లమ్మ తాయారమ్మ అంటే వణుకు. నోటిమాటయితే గాలికి పోతుంది, సంతకం కాగితం మీద ఉండిపోతుందని అతని బెంగ.

"నీకేం కావాలే దాలీ?"

"నాకొద్దక్కా."

చట్నీ వద్దన్నంత మామూలుగా అంది. అంతకంటే బలమైన కారణం నేనెక్కడా వినలేదు.

"ఇంకో పదేను రోజులు సూస్తాను. నేకపోతే మందిర్ హసౌద్ అవతల పల్లెలో ఒక ముసల్దుందంట. పుల్ల పెట్టి తీసేస్తాదంట."

గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది. నేను చీర మార్చుకుని, ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాను.

ఆసుపత్రి కౌంటరులో గుమస్తా మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు. సిబ్బందిని రెండు రాష్ట్రాలకీ పంచుతున్నారట. ఈ పని చేసే డాక్టరమ్మ భోపాల్ కోరుకుని వెళ్లిపోయిందట. ఆ కుర్చీలోకి ఎవరు రావాలో కొత్త ప్రభుత్వం చెప్పాలి.

"ఎప్పుడు చెబుతుంది?" అని హిందీలో అడిగాను.

"రాష్ట్రం వయసు పదిరోజులే మేడమ్‌జీ. ఇంకా మాటలు రాలేదు."

అతని హాస్యానికి ముచ్చటేసింది. కానీ నవ్వలేదు. "సరే, భర్త సంతకం ఎందుకు? అది చట్టంలో ఉందా?"

"చట్టంలో కాదు, ఫారంలో ఉంది" అని ఒక ఫారం తీసి చూపించాడు.

అచ్చయిన అక్షరాలన్నీ అయిపోయాక, అడుగున ఎవరో చేత్తో ఒక వంకర గీత గీసి, కింద 'భర్త సంతకం' అని రాశారు. ఆ మహానుభావుడు ఎవరో, ఎప్పుడు రిటైరయ్యాడో తెలీదు. ఆయన గీసిన గీత మాత్రం ఏళ్ల తరబడి జిరాక్సు అవుతూ వస్తోంది.

"ఏవమ్మా బీయేగారూ, ఇక్కడేవిటీ?"

వెనక్కి తిరిగితే దీనమ్మ. చేతిలో ట్రే. కాకినాడ నుంచి ఎప్పుడో వచ్చిన స్టాఫ్‌నర్సు, మా మూడో వీధిలోనే ఉంటుంది, మార్చిలో రిటైరవుతుంది. దాలమ్మనీ నన్నూ ఫారాన్నీ వరసగా చూసి, "సాయంత్రం డ్యూటీ దిగాక వస్తా. అల్లం దండిగా వేసి టీ పెట్టు" అని వెళ్లిపోయింది.

సాయంత్రం మా వంటింట్లో ముగ్గురం పీటల మీద కూర్చున్నాం.

"చట్టం డెబ్బై ఒకటిలో వచ్చింది. నేను అరవై మూడులో ట్రైనింగులో చేరా. అంటే ముందూ చూశా, తర్వాతా చూశా" అంది దీనమ్మ. "ముందు రోజుల్లో వార్డు చివర మూల మంచం ఒకటుండేది. పుల్లలు పెట్టించుకుని, వేర్లు తిని, జ్వరంతో వచ్చినోళ్లని అక్కడ పడుకోబెట్టేవాళ్లం. ఆ మంచం ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదమ్మా. ఒకళ్లు లేచి నడిచి వెళ్లాక కాదు, మోసుకెళ్లాక ఇంకొకళ్లు వచ్చేవాళ్లు." టీ ఊదుకుంది. "పద్దెనిమిదేళ్లు నిండిన ఆడది తను ఒప్పుకుంటే చాలు. మొగుడి సంతకం అనేది చట్టంలో ఎక్కడా లేదు. పన్నెండు వారాల్లోపైతే ఒక్క డాక్టరు సరిపోతారు. దాటితే ఇద్దరు కావాలి. మనకి ఒక్కరికే దిక్కులేదు."

"ప్రైవేటుకి తీసుకెళ్తే?"

"వాళ్లూ అదే సంతకం అడుగుతారు. చూసి నేర్చుకున్నారు."

"మీ పాస్టరుగారు దీని గురించి ఏమంటారు దీనమ్మా?"

"ఆయనకెప్పుడూ నెల తప్పలేదు" అంది దీనమ్మ. తర్వాత గ్లాసు కింద పెట్టి, "నేనూ ప్రార్థన చేస్తానమ్మా. ఆ మంచం ఖాళీగా ఉండాలని చేస్తా" అంది. దాలమ్మ వైపు తిరిగి, "ఆ పల్లె ముసల్దాని దగ్గరికి వెళ్లావంటే నీ బండి నేనే తోసుకుపోతా" అని బెదిరించింది.

నాకు ఆ సంతకం సంగతి కొత్త కాదు. ఎనభై రెండులో, మా రెండోవాడికి ఏడాది నిండకముందు, వేరే ఊళ్లో వేరే ఆసుపత్రిలో అదే మాట నన్నూ అడిగారు. మా ఆయన అప్పుడు ట్రైనింగుకి పోయి ఉన్నారు. పోస్టుమాన్ తెచ్చే రిజిస్టరు కవర్లకి నేనెలాగూ ఆయన సంతకం చేసేస్తుండేదాన్ని. అక్కడా అలాగే చేసేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ పూట వీళ్లిద్దరికీ చెప్పాను.

"సూరిబాబు సంతకం ఎలా ఉంటుందో చూపించు దాలీ. డాక్టరు వచ్చాక నేనే పెట్టేస్తాను" అన్నాను.

దాలమ్మ నవ్వింది. వారంలో అదే మొదటి నవ్వు. "ఎన్ని పెడతావక్కా? మన ఈదిలోనే ఇరవైమంది మొగుళ్లున్నారు."

నిజమే. నా చేతిరాత అంతమందికి సరిపోదు.

సరే, కాగితాలు రాశాను. ఆరోగ్యశాఖకి ఒకటి, కలెక్టరుకి ఒకటి. కొత్త సచివాలయాన్ని ఊళ్లోని పాత ఆసుపత్రి భవనంలో పెట్టారు. ఆసుపత్రిలోకి ప్రభుత్వం వచ్చింది గానీ ఆసుపత్రి పనికి ప్రభుత్వం దొరకలేదు. స్వయంగా పట్టుకెళ్తే గేటు దగ్గర సిపాయి, "దండలు తెచ్చినవాళ్లు ఈ లైను, అర్జీలు తెచ్చినవాళ్లు ఆ లైను" అన్నాడు. దండల లైను చకచకా కదులుతోంది. అర్జీల లైనులో జనం అరుగుల మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నారు. నా అర్జీ ఒక గోనెసంచిలోకి వెళ్లింది. ఇంటికొస్తూ రిక్షాలో ఆ రెండు లైన్ల గురించే ఆలోచించాను.

ఆ మర్నాడే అమ్మిరాజుగారు వచ్చారు. మా తెలుగు సమాజానికి సెక్రటరీ ఆయన.

"అమ్మా అప్పలనరసమ్మా, ఇరవయ్యారో తారీకు ఆదివారం. ఆరోగ్యశాఖ చూసే చిన్నమంత్రిగారు మన హాలుకి వస్తామన్నారు. సన్మానం చేసి, కల్యాణమండపానికి స్థలం అడగాలి. పండరీ బట్టల బజారులో శాలువా చెప్పేశాను. సన్మానపత్రం నీ వంతు. ఎప్పట్లాగే ఘనంగా ఉండాలి."

ఎప్పట్లాగే అంటే చెప్పాలి. పద్దెనిమిదేళ్లలో పదకొండుమంది ఆఫీసర్లకి నేను హిందీలో సన్మానపత్రాలు రాశాను. పదకొండుమందీ క్రమశిక్షణలో హిమాలయాలు, దయలో సముద్రాలు. పేరొక్కటే మార్చేదాన్ని. అమ్మిరాజుగారు ఎన్నడూ చదివింది లేదు. ఫ్రేము గట్టిగా ఉందా, అంచున పువ్వులు బాగున్నాయా అని మాత్రం చూస్తారు. వేదిక మీద చదివేదీ నేనే, మిగతావాళ్లకి ఆ హిందీ నోరు తిరగదు కనక. నేను చదువుతున్నంతసేపూ ఆఫీసరు నిలబడి చేతులు జోడించి, తల వంచి వినాలి. మధ్యలో మాట్లాడకూడదు. అయిపోయాక శాలువా, కొబ్బరికాయ, ఫలహారం. ఆఫీసర్లు శాలువా తీసుకెళ్తారు, పత్రం మాత్రం ప్రతిసారీ హాల్లోనే మర్చిపోతారు.

"ఘనంగానే రాస్తానండీ" అన్నాను. "ఈసారి అంచు కూడా చేత్తో వేయిస్తాను."

"మా తల్లే!" అన్నారు అమ్మిరాజుగారు.

పంతొమ్మిదో తారీకున కార్తీక వనభోజనాలు. ఊరి బయట తోటలో ఉసిరిచెట్టు కింద గాడిపొయ్యి తవ్వి, కాలనీ ఆడవాళ్లం అందరం చేరాం. దీనమ్మ కూడా పులిహోర తెచ్చింది. మగవాళ్లు అవతల పేకముక్కల్లో ములిగాక, నేను అట్ట మీద అతికించిన తెల్లకాగితం, ఎరుపు ఆకుపచ్చ స్టాంపు ప్యాడ్లు తీశాను.

దాచలేదు. ఏం రాయబోతున్నానో తెలుగులో చదివి చెప్పాను. ఎవరికోసమన్నది మాత్రం చెప్పలేదు. ఒప్పుకున్నవాళ్లు బొటనవేళ్లు అద్దాలి. ఐదు ముద్రలు ఒక పువ్వు, పక్కన ఆకుపచ్చవి ఆకులు. చదువు వచ్చినవాళ్లు పువ్వు మధ్యలో సంతకం పెట్టాలి.

కోటమ్మ గరిటె దించి పక్కన పెట్టింది.

"మా ఆయనకి తెలిస్తే?" అంది కోటమ్మ. ఆమె మొగుడు షంటింగ్ డ్రైవరు.

"వేలిముద్ర చూసి పెళ్లాన్ని గుర్తుపట్టే మొగుడు ఉంటే చెప్పు, దండేసి వద్దాం" అన్నాను.

నవ్వులు మొదలయ్యాయి. కోటమ్మే మొదటి వేలు అద్దింది. ఆ తర్వాత వరస కట్టారు. నలుగురు వద్దని పక్కకి వెళ్లారు. ఇద్దరు వడియాలు చూసే నెపంతో వెళ్లి మళ్లీ వచ్చారు. దాలమ్మ పై మూల పువ్వులో ఒక రేకు వేసి, వేలు కొంగుకి తుడుచుకుని పిల్లకి పాలివ్వడానికి పోయింది.

అప్పుడు తాయారమ్మ వచ్చింది. దాలమ్మ అత్తగారు. ఆవిడ అందరికంటే వెనక రాతి మీద కూర్చుని అంతా విందని అప్పుడే తెలిసింది.

"మల్లీ సదువు" అంది.

మళ్లీ చదివాను. ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"నాకు ఎనిమిది కాన్పులే అమ్మా. బతికినోలు ముగ్గురు. ఒక్కపాలి కూడా నీకు కావాలా అని ఎవులూ అడగనేదు." ఎర్రప్యాడు మీద బొటనవేలు నొక్కి, దాలమ్మ ముద్ర పక్కనే, అది ఎవరిదో తెలీకుండానే గట్టిగా అద్దింది. పెద్ద వేలు. పువ్వు కాస్త వంకరపోయింది.

"నాను ఏసినట్టు మా కోడలికి సెప్పకు. లోకువైపోతాను" అంది.

ఇరవయ్యారో తారీకు పొద్దున్న నేను జడ వేసుకుంటుంటే మా ఆయన ఫ్రేము కట్టిన పత్రాన్ని బల్ల మీద నిలబెట్టి చదువుతున్నారు. రైల్వే హిందీలో ఆయనకి ప్రైజులొచ్చాయి. చదవడం అయ్యాక జేబురుమాలు తీసి అద్దం తుడిచారు. ఒక మూల రెండుసార్లు తుడిచారు.

"ఎనభై రెండులో నువ్వు పెట్టిన నా సంతకం కింద గీత లేదు" అన్నారు. "నేను ఎప్పుడూ గీత గీస్తాను."

నా చేతిలో జడ ఆగిపోయింది. ఆసుపత్రి చీటీ ఆయన సర్వీసు కాగితాల మధ్య దాచిన సంగతి నేనే మర్చిపోయాను. ఆయన మర్చిపోయే మనిషి కాదు.

"పద్దెనిమిదేళ్లు ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు చెప్పాల్సొచ్చేది కదా." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "రెండో పేరా మెల్లగా చదువు. మైకు మంచిది కాదు."

పక్కకి తిరిగి, అక్కర్లేకపోయినా అద్దంలో పాపిడి చూసుకున్నాను. ఫ్రేముని ఆయనే హాలుదాకా మోశారు.

హాలు కిక్కిరిసింది. అమ్మిరాజుగారు ఫ్రేము అందుకుని, "ఈసారి అంచు అదిరిందమ్మా" అన్నారు. మంత్రిగారు నడివయసు మనిషి. రోజుకి ఆరు సన్మానాల అలసట ముఖం మీద కనిపిస్తోంది. నేను మైకు ముందుకి రాగానే అలవాటుగా లేచి, చేతులు జోడించి తల వంచారు.

మొదటి పేరా మామూలే. రెండో పేరా మెల్లగా చదివాను.

"మాన్యవర్, గర్భం వద్దనుకున్న స్త్రీకి ఆసుపత్రి తలుపు తెరిచి ఉండాలనీ, అందుకు ఆమె ఒప్పుదల చాలు, భర్త సంతకం అక్కర్లేదనీ దేశపు చట్టం చెబుతోంది. ఆ చట్టాన్ని ఈ కొత్త రాష్ట్రంలో తు.చ. తప్పకుండా నిలబెట్టిన మొదటి నాయకులుగా మిమ్మల్ని అభినందిస్తున్నాము. ఫారం అడుగున ఎవరో గీసిన గీతను కొట్టివేయించిన మీ ధైర్యాన్ని కొనియాడుతున్నాము. డాక్టరు లేక ఖాళీగా ఉన్న కుర్చీని వారం తిరక్కుండా నింపిన మీ వేగానికి ఆశ్చర్యపడుతున్నాము. ఇది ఏ ప్రభుత్వమూ పెట్టే భిక్ష కాదనీ, మనిషిగా పుట్టినందుకు ఆమెకున్న హక్కనీ గుర్తించిన మీ వివేకానికి నమస్కరిస్తున్నాము."

నేను రాసిన పన్నెండు పత్రాల్లోనూ దయ అన్న మాట లేనిది అదొక్కటే.

మంత్రిగారు తల ఎత్తారు. చేతులు మాత్రం జోడించే ఉన్నాయి, దించడానికి ఆచారం ఒప్పుకోదు. అమ్మిరాజుగారికి హిందీ కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది. పక్కాయన చెవిలో చెప్పాక ఆయన శాలువా పొట్లాన్ని ఒళ్లో గట్టిగా పట్టుకున్నారు. ఫ్యాను ఒకటి టకటకమని కొట్టుకుంటోంది. మధ్య వరసలో ఎవరో, "ఆడవాళ్లకి సిగ్గులేదు" అన్నారు. తర్వాత వెనక నుంచి చప్పట్లు. అంచున వేళ్లు అద్దిన ముప్ఫై తొమ్మిదిమంది ఆడవాళ్లు, నర్సు యూనిఫాంలో దీనమ్మ. మగవాళ్ల వైపు నుంచి ఒకే ఒక్కరు. ఎవరో చూడక్కర్లేదు. ఆయన చప్పట్లు కూడా లెక్కపెట్టినట్టు కొడతారు.

మంత్రిగారు మైకు దగ్గరికి వచ్చారు. పత్రం అంచుని వంగి చూశారు. అవి పువ్వులు కావని అప్పుడు తెలిసినట్టుంది.

"బెహన్‌జీ, పని చేశాక పొగిడినవాళ్లే అరుదు. చేయకముందే పొగిడింది మీరే" అన్నారు. హాలు నవ్వింది. ఆయన నవ్వలేదు. వెనకనున్న పీయేని పిలిచి చెవిలో ఏదో అడిగారు. మళ్లీ మైకు అందుకున్నారు. "చట్టం చట్టమే. వారం అన్నారు, నాకు పదిరోజులు ఇవ్వండి."

పత్రికవాళ్లు ఇద్దరు రాసుకున్నారు. మంత్రిగారు శాలువా తీసుకెళ్లారు. పత్రం హాల్లోనే మర్చిపోయారు.

సోమవారం పొద్దున్న దీనమ్మ దాన్ని రిక్షాలో ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి పట్టుకెళ్లి, గుమస్తా కుర్చీకి సరిగ్గా పైన, గోడకి కొట్టించింది. మంత్రిగారి సన్మానపత్రం. పైన ఆయన పేరు, బంగారు రంగు అక్షరాల్లో. దాన్ని తీసెయ్యమని చెప్పే మగాడు ఆ ఆసుపత్రిలో పుట్టలేదు.

డిసెంబరు ఏడు, గురువారం. పదకొండో రోజు. దుర్గ్ వైపు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది, వారానికి రెండు రోజులు. చిన్న వయసు, పెద్ద కళ్లజోడు. దాలమ్మకి పదకొండో వారం నడుస్తోంది. నేను తోడు వెళ్లాను. కౌంటరు దగ్గర గుమస్తా ఫారం తీశాడు. అలవాటుకొద్దీ అడుగున ఉన్న గీత మీద వేలు పెట్టి, నోరు తెరిచి, పైన గోడకేసి ఒకసారి చూశాడు. పెన్ను తీసి ఆ గీతని తనే అడ్డంగా కొట్టేశాడు.

"రాష్ట్రానికి మాటలు వచ్చాయా?" అన్నాను.

"ఒక్కోటీ వస్తున్నాయి మేడమ్‌జీ."

దాలమ్మ తన పేరు తనే రాసింది. ఇడ్లీబండి బోర్డు మీద పేరు రాయించుకున్నప్పుడు నేర్చుకున్న అక్షరాలు, అందుకే కొంచెం పెద్దవిగా వచ్చాయి. సూరిబాబు లోపలికి రాలేదు. గేటు బయట చిన్నదాన్ని భుజాన వేసుకుని, మూత్రానికి తడిసిన చొక్కాతో సాయంత్రందాకా అటూ ఇటూ తిరిగాడు. సెలవు పెట్టి వచ్చాడని తర్వాత తెలిసింది.

నాలుగింటికి దాలమ్మ బయటికి వచ్చింది. ముఖం పాలిపోయింది కానీ నడక బాగానే ఉంది. బల్ల మీద కూర్చుని దీనమ్మ ఇచ్చిన బిస్కెట్లు తింటూ పైకి చూసింది.

"నా ఏలు అదే కదక్కా? ఆ మూలది?"

"అదే."

"పక్కన అంత పెద్దది ఎవులిది? నా రేకు మీదకి ఎక్కేసింది."

మాటిచ్చాను కనక చెప్పడానికి లేదు. "ఎవరో తొందరపడి అద్దినట్టున్నారు" అన్నాను.

ఇంటికి వెళ్లేసరికి తాయారమ్మ వాకిట్లో నిలబడి ఉంది. కోడల్ని ఎక్కడికి వెళ్లావని అడగలేదు. వేడినీళ్లు పెట్టి ఉంచింది. మినప్పప్పు అప్పటికే నానబోసి ఉంది.

"నాలుగు రోజులు బండి నాను సూసుకుంటాను" అంది కొడుకుతో. "అది పడుకోనీ."

ఆ నాలుగు రోజులూ రైల్వే గేటు దగ్గర ఇడ్లీలు గట్టిగా ఉన్నాయని మా ఆయన చెప్పారు. అయినా నాలుగు రోజులూ వెళ్లి తిన్నారు.